గీత ఆగినచోట

తెనాలి,
29 జూన్ 2025, ఆదివారం

మావయ్య గారికి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడితే అబద్ధమవుతుంది. పెట్టకపోతే మీరు రెండో వాక్యానికి రాకముందే కంగారు పడతారు. అందుకని ముందే చెబుతున్నాను: ప్రసాద్ గారు బాగున్నారు, మా అమ్మాయి శ్రుతి బాగుంది. బాగాలేనిది నేను.

మీకు చెవులు వినపడేటట్టయితే ఫోన్లో చెప్పేదాన్ని. కాదు, అదీ నిజం కాదు. వినపడవు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. మిగతావాళ్లకి చెబితే వెంటనే ఏడుస్తారు, వాళ్లని నేను ఓదార్చాలి.

పదిహేను రోజుల కిందట బాపట్ల కాలేజీలో క్లాసు చెబుతున్నాను. ఇరవై ఏళ్లుగా చెబుతున్న స్టాటిస్టిక్సే. "ఈ మార్కుల సగటు" అనబోయి "ఈ మార్కుల గట్టు" అన్నాను. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. సరిదిద్దుకుందామంటే మాట రాలేదు. బోర్డు మీద సూత్రం తప్పు లేకుండా రాశాను. దాన్ని ఏమంటారో మాత్రం తెలియలేదు. అర నిమిషం ఉంటుందేమో, ఫ్యాను చప్పుడు వింటూ నిలబడ్డాను. తర్వాత వచ్చింది. వచ్చింది కదా అని ఊరుకుంటే బాగుండేదేమో.

గుంటూరులో స్కాను తీశారు. ఎడమవైపు, చెవికి కాస్త పైన, రేగుపండంత గడ్డ. నెమ్మదిగా పెరిగే రకమేనట, కానీ మాటకు సంబంధించిన చోటుని ఆనుకుని ఉందట. తీసేయాలంటున్నారు డాక్టర్ విజయసారథి గారు. దానికి ముందు ఇంకో స్కాను తీస్తారు. తలలో నీరు ఎటు కదులుతోందో చూసి, మాట నడిచే దారులు ఎక్కడెక్కడున్నాయో బొమ్మ గీస్తారట.

అత్తయ్యకి మాత్రం చెప్పకండి. ఆవిడ గుండె సంగతి మీకు తెలుసు. ఇది చదివి చింపేయండి.

మీ మేనకోడలు
మాధవీలత

*

రేపల్లె,
3 జూలై

చిరంజీవి మాధవికి మావయ్య వెంకటకృష్ణయ్య దీవించి రాసేది ఏంటంటే,

నీ ఉత్తరం చింపేశాను. లాభం లేకపోయింది. నేను చదివేది నాకే వినపడదు కదా, మనసులో చదువుకుంటున్నాననుకుని అరుగు మీద కూచుని పైకి చదివేశానట. తలెత్తి చూస్తే మీ అత్తయ్య గుమ్మంలో, పాలు పోయడానికొచ్చిన ఏసమ్మ మెట్ల మీద. ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. మీ అత్తయ్య పలక తెచ్చి రాసింది: "నా గుండె సంగతి తర్వాత, ముందు మీ నోటి సంగతి చూసుకోండి."

సరే, జరిగిందేదో జరిగింది. ఇప్పుడు నే చెప్పేది విను. తలలో నీరు అన్నావు. ముప్పై నాలుగేళ్లు కాలవ గట్టు మీద బతికిన లస్కరుని, తూములెత్తి దించినవాణ్ణి, నీటి సంగతి నాకు తెలుసు. కదిలే నీటితో భయం లేదు, నిలబడ్డ నీటితోనే. ఎటు కదులుతోందో చూస్తామంటున్నారంటే ఎక్కడో అడ్డం పడిందన్నమాట. ఆ అడ్డం తీసి కిందకి వదిలేయమను. మా వీధిలో బెన్నీకి అలాగే తలలోంచి గొట్టం వేశారు, ఇప్పుడు సైకిలు తొక్కుతున్నాడు.

గట్టు అన్నందుకు బెంగ పెట్టుకోకు. లస్కరు మేనకోడలి నోట గట్టు రాక ఇంకేమొస్తుంది?

మీ అత్తయ్య మొక్కుకుంది. ఏసమ్మ చర్చిలో ప్రార్థన పెట్టించింది. నేను మాత్రం ఏ దేవుడికీ ఏమీ చెప్పలేదు. నేను చెబితే ఊరంతా వింటుంది.

మావయ్య

*

తెనాలి,
8 జూలై

మావయ్యా,

బెన్నీ జబ్బు వేరు, నాది వేరు. నా తలలో నీరు పట్టలేదు. తప్పు నాదే, సరిగ్గా రాయలేదు. మళ్లీ చెబుతాను.

గ్లాసుడు నీళ్లలో సిరాచుక్క వేస్తే అన్ని వైపులకీ పరుచుకుంటుంది. అదే చుక్క చెరకు ముక్క మీద వేస్తే నార వెంట పాకుతుంది, అడ్డంగా పోదు. మెదడు లోపలి తెల్లని భాగమంతా అలాంటి నారేనట. ఒక చోటి సంగతి ఇంకో చోటికి మోసుకుపోయే నార. ఒంట్లో అందరికీ ఉండే నీరే అందులో అటూ ఇటూ కదులుతుంటుంది. మెషిను అరవై నాలుగు వైపుల నుంచి దాన్ని అడుగుతుంది: ఇటు కదులుతున్నావా, అటు కదులుతున్నావా అని. ఎటు ఎక్కువ కదిలితే అటు నార ఉందని కంప్యూటరు ఒక చిన్న గీత గీస్తుంది. గీతకి గీత కలుపుకుంటూ పోతే దారి.

నారని ఎవరూ చూడలేదు మావయ్యా. నీటిని చూసి నారని ఊహించారు. ఊహకి రంగులు వేస్తే ఎంత నిజంలా ఉంటుందో!

శుక్రవారం తీశారు. నలభై నిమిషాలు తల కదపకూడదు. ఎవరో ఆగకుండా తలుపు బాదుతున్నట్టు చప్పుడు. నిన్న బొమ్మ చూపించారు. అడ్డంగా పోయే దారులకి ఎరుపు, ముందుకీ వెనక్కీ పోయేవాటికి ఆకుపచ్చ, పైకీ కిందకీ నీలం. కుడివైపు ఆకుపచ్చ జడపాయ ఒకటి చెవి వెనక నుంచి వంపు తిరిగి నుదుటివైపు వస్తోంది. ఎడమవైపు కూడా అదే పాయ బయల్దేరింది, గడ్డ దాకా వచ్చింది, ఆగిపోయింది. ఆ తర్వాత నలుపు.

"ఇక్కడ దారి రాలేదమ్మా" అన్నారు డాక్టరు గారు.

రాలేదు అంటే? బొమ్మలో పడలేదనా, దారే లేదనా? ప్రసాద్ గారు పక్కన కూచుని ప్రతి మాటకీ తలూపుతున్నారు. ఆ తలూపుళ్ల మధ్య అడగలేకపోయాను. క్లాసులో ఎవరైనా అడక్కుండా ఊరుకుంటే విసుక్కునేదాన్ని.

బస్సులో తెనాలి వచ్చేదాకా ఒకటే ఆలోచన. మాట నడిచే దారి లేకపోతే, ఇన్నాళ్లూ నేను దేని మీదుగా మాట్లాడుతున్నాను? ఇప్పుడు ఈ వాక్యం దేని మీదుగా మీ దగ్గరికి వస్తోంది?

ఆపరేషను ఆగస్టు 6న. పుర్రె తెరిచాక నన్ను మెలకువగా ఉంచి మాట్లాడిస్తారట. ఇది మాత్రం పైకి చదవకండి.

మాధవి

*

రేపల్లె,
13 జూలై

చిరంజీవి మాధవికి,

ఈసారి పెదాల మధ్య పుల్ల పెట్టుకుని చదివాను. మీ అత్తయ్య నా మొహం చూస్తూ ఎదురుగా కూచుంది. ఏం అర్థమయిందో ఏమో లేచి వెళ్లిపోయింది.

రాలేదంటే లేదని కాదే పిచ్చిదానా. నీకొక సంగతి చెబుతాను, ధైర్యం వస్తుంది.

మా సెక్షనులో ఒక పంట కాలవకి మురుగు కాలవ అడ్డం వచ్చేది. మంచినీరు మురుగులో కలవకూడదు కదా, అందుకని మురుగు అడుగు నుంచి ఇటుకలతో సొరంగం కట్టి పంట నీటిని అవతలికి దాటించారు, ఎప్పుడో తెల్లవాళ్ల కాలంలో. గట్టు మీద నిలబడితే అది కనపడదు. ఆఫీసులో మ్యాపులోనూ కనపడదు. పంట కాలవ గీత మురుగు గట్టు దాకా వచ్చి ఆగిపోతుంది. అవతల వేరే నంబరుతో ఇంకో గీత మొదలవుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు అవి రెండు కాలవలనుకునేవాళ్లు. నీటికి మ్యాపుతో పనేంటి, నిక్షేపంగా దాటిపోయేది.

తొంభై ఎనిమిదిలో కొత్తగా వచ్చిన ఇంజినీరు, ఏఈ గారు, మురుగు కాలవలో పూడిక తీయించడానికి పొక్లెయిన్ దింపారు. అది సొరంగం పగలగొట్టేదాకా అక్కడ అలాంటిదొకటి ఉందని ఎవరికీ తెలియదు. అవతల రెండొందల ఎకరాలు దాని మీదే పండుతున్నాయని అప్పుడు తెలిసింది.

చూశావా? గీత ఆగినంత మాత్రాన కాలవ ఆగిపోలేదు. నీ దారి కూడా నిక్షేపంగా ఉంది. గుండె దిటవు చేసుకో.

మావయ్య

*

తెనాలి,
19 జూలై

మావయ్యా,

ధైర్యం చెప్పడానికే రాశారని తెలుసు. కానీ మీ కథ ఎలా ముగిసిందో మీరే చూసుకోలేదు. కాలవ ఉంది. ఉంది కాబట్టే తెగింది. మ్యాపులో లేదు కాబట్టి తెగింది.

ఇన్నాళ్లూ దారి పోయిందేమోనని భయపడ్డాను. ఇప్పుడు ఉందని భయం. బొమ్మలో నల్లగా ఉన్నచోట ఏమీ లేదనుకుని ఆయన కత్తి పెడితే? అవతలి రెండొందల ఎకరాలు ఏమయ్యాయో మీరు రాయలేదు.

నిన్న ఆసుపత్రికి ఫోన్ చేసి ఆరో తారీఖు వద్దన్నాను. ఆ అమ్మాయి "ఆలస్యమైతే పెరుగుతుంది మేడమ్" అంది. "తెలుసమ్మా" అన్నాను. తెలియడం వల్ల ఏమీ తేలలేదు.

ప్రసాద్ గారు, "డాక్టరు మీద నమ్మకం లేదా నీకు?" అన్నారు.

"ఉందండి. ఎంత శాతం అని అడగండి, చెబుతాను."

"అన్నిటికీ లెక్కలేనా మాధవీ? నీ తల అది."

"నా తల కాబట్టే."

ఆయన చెప్పులేసుకుని బజారుకి వెళ్లిపోయారు. నేను బస్తా మీద బట్టలు ఆరేసి కిందకి దిగేసరికి తిరిగొచ్చి మెట్ల దగ్గర కూచుని ఉన్నారు, చేతిలో సంచీ ఖాళీగా. ఏమీ కొనలేదట. ఆయనకీ భయమేనని అప్పుడు చూశాను. ఇరవై రెండేళ్ల కాపురంలో మేమిద్దరం ఒకేసారి భయపడటం ఇదే మొదలు. ఎప్పుడూ ఒకళ్లు భయపడితే ఇంకొకళ్లం ఓదార్చేవాళ్లం.

మీ మీద కోపం లేదు. కానీ ఇలాంటి కథలు ఇంక రాయకండి.

మాధవి

*

రేపల్లె,
25 జూలై

మాధవీ,

దీవెనలు తర్వాత. బాపట్ల స్టేషనులో ప్లాట్‌ఫారం మీద పడిపోయావట. మూర్ఛ వచ్చినట్టు కుడి చెయ్యి గిలగిలా కొట్టుకుందట. ప్రసాద్ మీ అత్తయ్యకి ఫోన్ చేశాడు, ఆవిడ పలక మీద రాసి చూపించింది. అది నీ ఉత్తరానికి రెండు రోజుల ముందు సంగతి. నువ్వు రాయలేదు.

ఇంకోటి. "బస్తా మీద బట్టలు ఆరేసి" అని రాశావు. మొదట నవ్వుకున్నాను, నన్ను ఆట పట్టిస్తున్నావని. మూడోసారి చదివితే డాబా అనబోయావని అర్థమయింది. రాసి, మళ్లీ చదువుకుని కూడా చూడలేదు నువ్వు. అప్పటినుంచీ నీ పాత ఉత్తరాలు తీసి మాట మాటా వెతుకుతున్నాను. ఇది మంచి పని కాదు. కానీ చేస్తున్నాను.

అవతలి పొలాలు ఏమయ్యాయని అడిగావు. ఆ ఏడు ఎండిపోయాయి. నేను రాసినదాంట్లో ఒక అబద్ధం ఉంది. సొరంగం సంగతి ఎవరికీ తెలియదన్నాను. నాకు తెలుసు. అప్పటికి నా చెవులు బాగానే ఉండేవి. పొద్దున్నే గట్టు మీద మోకాళ్లూని వంగితే అడుగున నీరు పోతున్న చప్పుడు వినపడేది. పొక్లెయిన్ దిగిన రోజు ఏఈ గారి పక్కనే నిలబడి ఉన్నాను. "ఇక్కడేం లేదు కదా?" అన్నాడాయన. నన్ను కాదు, మ్యాపుని అడిగాడు. కొత్త సారు, పదిమందిలో మ్యాపు తప్పంటే చిన్నబుచ్చుకుంటాడేమోనని, లస్కరు మాటకి విలువేముందని, నోరు మూసుకున్నాను. ఇరవై ఏడేళ్లయింది. ఇది మీ అత్తయ్యకి కూడా తెలియదు.

మెలకువగా ఉంచి మాట్లాడిస్తారని నువ్వు రాసినప్పుడు, అంత పాపం ఎవరైనా చేస్తారా అనుకున్నాను. నిన్న పొలం గట్టు మీద నడుస్తుంటే తోచింది. ఆ డాక్టరు బొమ్మని నమ్మడం లేదు మాధవీ. నమ్మేవాడైతే నిద్రపుచ్చి తన పని తాను చేసుకునేవాడు. నిన్ను అడగడానికే మేలుకోబెడుతున్నాడు.

నేను చేయించుకోమని చెప్పను. చెప్పే మొహం నాకు లేదు. వెళ్లి అడుగు, అంతే.

మావయ్య

*

తెనాలి,
3 ఆగస్టు

మావయ్యా,

బస్తా సంగతి మీరు రాసేదాకా నాకు తెలియదు. ఇప్పుడు ప్రతి వాక్యాన్నీ అనుమానిస్తున్నాను. దీంట్లో ఏమైనా కనిపిస్తే చెప్పకండి.

వెళ్లాను. ఒక్కదాన్నే లోపలికి వెళ్లాను, ప్రసాద్ గారిని బయట కూచోబెట్టి.

"రాలేదన్నారు కదండీ ఆ రోజు. లేదనా?"

"కాదమ్మా. గడ్డ చుట్టూ వాపు ఉంది. వాపులో నీరు అన్నివైపులకీ ఒకేలా కదులుతుంది, అందుకని కంప్యూటరు గీత గీయలేదు. దారి పక్కకి జరిగి ఉండొచ్చు, వాపులోంచే పోతుండొచ్చు. ఎక్కడుందో మాత్రం బొమ్మ చెప్పదు."

"మరి ఎవరు చెబుతారు?"

"మీరే."

సన్నని కరెంటు ఒక్కో చోట తాకించి చూస్తారట. దారి మీద తాకితే నా మాట ఆగిపోతుంది. ఆగితే ఆయన ఆగుతారు. కరెంటు తీసేస్తే మాట తిరిగి వస్తుంది.

"ప్రతిసారీ వస్తుందాండీ?"

"దాదాపు."

దాదాపు! నా ఇరవై ఏళ్ల పాఠమంతా ఈ ఒక్క మాట గురించే. దాన్ని సంఖ్యలో చెప్పమని అడగబోయి ఊరుకున్నాను. చెబితే ఏ సంఖ్య దగ్గర నా భయం తగ్గుతుంది?

మాటల పరీక్ష పెట్టే అమ్మాయి పేరు భాగ్యశ్రీ. ఊరు నందివెలుగట. ఆమె దగ్గరున్న బొమ్మల్లో మంచుతో కట్టిన ఇల్లు ఉంది, నేనెప్పుడూ చూడని వాయిద్యం ఉంది. "ఇవి నాకు మామూలుగానే రావమ్మా, కరెంటు ఎందుకు?" అన్నాను. పకపకా నవ్వి, "అయితే మీ ఇంట్లో వస్తువులే ఫోటోలు తీసి తెండి మేడమ్. రోజూ నోట్లో ఆడేవి" అంది. శ్రుతి కూచుని తీసింది. గరిటె, తలగడ, తాళంకప్ప. నా ఇల్లంతా వస్తువు వస్తువుగా నన్ను పరీక్షించడానికి వస్తోంది.

ఆపరేషను 13న. ఒప్పుకున్నాను. ధైర్యం వచ్చి కాదు. స్టేషనులో పడ్డప్పటినుంచీ రెండు వైపులా భయమే; మొన్న ఒకదానికి లొంగి వద్దన్నాను, ఇప్పుడు రెండోదాన్ని ఎంచుకున్నాను.

మీరు గుంటూరు రాకండి. మీరు అరుగు మీద ఉన్నారని నాకు తెలిసి ఉండాలి.

మాధవి

*

రేపల్లె,
8 ఆగస్టు

మాధవికి,

కాలవకి నీరొచ్చింది. నాట్లు పడుతున్నాయి. మీ అత్తయ్య ఉపవాసాలు చేసి కళ్లు తిరిగి కూచుంటే ఏసమ్మ వచ్చి తిట్టి మజ్జిగ తాగించింది.

నీ మాట పోయినా నాకేం తేడా తెలియదులే, నాకెలాగూ వినపడదు.

పై వాక్యం రాసి అరగంటయింది. నవ్వుతావని రాశాను. కొట్టేద్దామంటే కొట్టివేతలోంచి ఇంకా బాగా కనపడేటట్టుంది. అలాగే ఉండనీ.

భయంగా ఉందే అమ్మాయ్.

మావయ్య

*

తెనాలి,
7 సెప్టెంబరు

మావయ్యా,

ఇది నాలుగు రోజులుగా రాస్తున్నాను. కొంచెం కొంచెం. మాట దొరకని చోట ఖాళీ వదిలాను. శ్రుతిని అడిగితే చెబుతుంది. భాగ్యశ్రీ వెంటనే అడగొద్దంది, వెతుక్కోమంది. మీరు నింపి పంపండి.

తల మీద కుట్లు ........ పాకినట్టు ఉన్నాయి. నొప్పి లేదు. నిన్న నేనే ........ లో పాలు కాచాను. పొంగలేదు.

ఆ రోజు చెబుతాను. తలకి చుట్టూ బట్ట. డాక్టరు గారు కనపడరు, గొంతు వినపడుతుంది. భాగ్యశ్రీ ఎదురుగా కూచుంది. బొమ్మలు వస్తున్నాయి. గరిటె అన్నాను. తలగడ అన్నాను. తర్వాతిది నాకు తెలుసు. మా వంటింట్లోదే. దేనికి వాడతామో తెలుసు, ఏ మేకుకి తగిలిస్తామో తెలుసు. మాట లేదు. వెతకడానికి కూడా ఏమీ లేదు. నోరు ఉంది, నేనున్నాను, మధ్యలో ఏమీ లేదు. చచ్చిపోవడం ఇలాగే ఉంటుందనుకున్నాను. చెయ్యెత్తాను.

"ఇక్కడే ఉంది" అన్నారు డాక్టరు గారు. బొమ్మలో అక్కడ నలుపు. చిన్న కాగితం ముక్క గుర్తు పెట్టారట. కరెంటు తీశాక భాగ్యశ్రీ మళ్లీ చూపించింది. అప్పుడు ........ అన్నాను. ఆ రోజు అన్నాను, ఇప్పుడు రావడం లేదు.

చివర్లో అడిగారు. "శనగగింజంత మిగిలిందమ్మా, ఆ దారిని ఆనుకుని ఉంది. ఇంకొంచెం ముందుకి వెళ్లమంటారా?" ప్రసాద్ గారు లేరు. ఎవరూ లేరు. తీసేస్తే గడ్డ పోతుంది. ఉంచితే పెరగొచ్చు. లెక్క వేయడానికి మాటలు కావాలి, అవి లేవు. "వద్దు" అన్నాను. పైకే అన్నాను. అందరూ విన్నారు.

అది అలాగే ఉంది. ఆర్నెల్లకోసారి స్కాను. సరిగ్గా చెప్పానో తప్పు చెప్పానో తెలియదు. ఎప్పటికి తెలుస్తుందో తెలియదు.

కాలేజీకి ఎప్పుడు వస్తారని ఫోన్లు. వెళతాను. నాకిప్పుడు ........ లేదు.

మాధవి

*

రేపల్లె,
12 సెప్టెంబరు

చిరంజీవి మాధవికి,

నీ ఉత్తరం అరుగు మీద కూచుని కావాలనే పైకి చదివాను. ముగ్గురం నింపాం.

మొదటిది జెర్రి. రెండోది గిన్నె. మూడో దాని మీద గొడవైంది. చాట అని ఏసమ్మ, కాదు కత్తిపీట అని మీ అత్తయ్య. కత్తిపీటని మేకుకి తగిలిస్తారా అంటే పలక విసిరేసింది. రెండూ రాస్తున్నాను.

నువ్వు వద్దన్న వాక్యం రెండుసార్లు పైకి చదివాను. తప్పో ఒప్పో నాకూ తెలియదు. కానీ అడిగితే చెప్పావు.

ఆఖరి ఖాళీకి మాత్రం గొడవ లేదు. ముగ్గురం ఒకే మాట అన్నాం. "నాకిప్పుడు భయం లేదు." ఏసమ్మ కళ్లు తుడుచుకుంది. పెద్ద అక్షరాలతో రాసి పంపుతున్నాను.

మావయ్య

*

తెనాలి,
17 సెప్టెంబరు
(కార్డు)

మావయ్యా,

జెర్రి, గిన్నె సరే. మూడోది ఇద్దరిదీ తప్పు, జల్లెడ.

ఆఖరిది కూడా తప్పే. భయం అన్న మాట ఒక్క రోజు కూడా నన్ను విడిచి పోలేదు. కరెంటు పెట్టి అన్ని మాటలూ తీసేసినప్పుడు కూడా అదొక్కటే అక్కడ నిలబడి ఉంది. దాని కోసం నేనెప్పుడూ వెతుక్కోలేదు.

నేను వెతికిన మాట ఈ పొద్దున బియ్యం కడుగుతుంటే వచ్చింది. తొందర. నాకిప్పుడు తొందర లేదు.

మాధవి